ఇద్దరు డాక్టర్లు, రెండు మందులు: ఎంఎస్‌కు నాకు సరిపడేది ఎలా తేల్చుకోవాలి?

వేకువ_గీత
జూన్ 3, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాకు 28 ఏళ్లు. కొండాపూర్‌లో ఉంటాను, గచ్చిబౌలిలో ఉద్యోగం. మూడు వారాల క్రితం నాకున్నది మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అని తేల్చారు, అంటే మన రోగనిరోధక శక్తే మెదడును, వెన్నుపామును దెబ్బతీసే జబ్బు.

ఫిబ్రవరిలో కుడి కంటికి పొగమంచు కమ్మినట్లయింది. కన్ను కదిపితే లోపల నొప్పి. ఐదు రోజులు స్టెరాయిడ్ సెలైన్‌లో ఎక్కించారు. చూపు చాలావరకు తిరిగి వచ్చింది కానీ ఎరుపు రంగు ఆ కంటికి ఇప్పటికీ వెలిసిపోయినట్లే కనిపిస్తుంది. ఏప్రిల్ చివర్లో నడుము నుంచి కిందికి తిమ్మిరి మొదలైంది. పొట్ట చుట్టూ ఎవరో పట్టీ బిగించినట్లు ఉండేది. మళ్లీ స్టెరాయిడ్.

మొదట చూసిన డాక్టరు గారు డైమిథైల్ ఫ్యూమరేట్ మాత్రలతో మొదలుపెట్టి, అది చాలకపోతే పెద్ద మందుకు వెళ్దామన్నారు. మా నాన్న పట్టుబట్టి రెండో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన రిటుక్సిమాబ్ గానీ ఒక్రెలిజుమాబ్ గానీ ఇప్పుడే ఎక్కించుకోవాలి, ఆలస్యం వద్దు అన్నారు. ఇద్దరూ పేరున్నవారే, ఇద్దరూ ఓపికగా మాట్లాడారు. అయినా ఇంటికి వచ్చాక నాకు ఏడుపే మిగిలింది. ఒకే జబ్బుకు ఇద్దరు మంచి డాక్టర్లు రెండు మాటలు ఎలా చెబుతారు?

వచ్చే మాఘంలో నా పెళ్లి. పిల్లలు కావాలని నాకు చాలా ఆశ. మీలో ఎవరు ఏ మందు ఎందుకు ఎంచుకున్నారో చెప్పగలరా?

తార్నాక_పెద్దక్క
జూన్ 3, రాత్రి 10:25

గీతా, తల్లీ, ముందు ఈ రాత్రి నిద్రపో. నిర్ణయం రేపటికల్లా జరగాల్సింది కాదు. అలాగని నెలల తరబడి వాయిదా వేయాల్సిందీ కాదు.

నాకు ఇప్పుడు 52 ఏళ్లు, ఈ జబ్బు 2003 నుంచి ఉంది. ఆ రోజుల్లో నిర్ణయించుకోవడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఇంటర్ఫెరాన్ సూది, లేదంటే గ్లాటిరమర్ సూది, అంతే. ఇంటర్ఫెరాన్ రోజు విడిచి రోజు నా తొడకు నేనే పొడుచుకునేదాన్ని. పొడుచుకున్న రాత్రి జ్వరం, ఒళ్లు నొప్పులు. మా ఆయన వేసవిలో ఊరికి తీసుకెళ్లేటప్పుడు మందును ఐసు డబ్బాలో పెట్టి, బస్సు ఆగిన చోటల్లా ఐసు మార్చేవారు. అలా పదేళ్లకు పైగా గడిచింది. మధ్యలో రెండుసార్లు జబ్బు తిరగబెట్టింది, రెండుసార్లూ కోలుకున్నాను.

అంటే పాత మందే నీకూ చాలునని కాదు. నా జబ్బు నెమ్మదైనది, నా వెన్నుపాములో మచ్చలు (ఎంఆర్ఐలో కనిపించే దెబ్బతిన్న చోట్లు) లేవు. నీది వేరు కావచ్చు. అందుకే ముందు ఒకటి అడుగుతాను: వెన్నెముకకు ఎంఆర్ఐ తీశారా? తీస్తే ఏమని రాశారు? అది తెలియకుండా ఇక్కడ ఎవరు ఏ మందు పేరు చెప్పినా నమ్మకు.

మౌలాలి_నాన్న
జూన్ 4, ఉదయం 6:50

అమ్మా గీతా, మా అబ్బాయికి 19 ఏళ్లు, నిరుడు తేలింది. నా మాట కటువుగా అనిపిస్తే క్షమించండి. మాత్రలతో మొదలుపెట్టి చూద్దాం అనే మాటను నేను ఒప్పుకోలేను. చూద్దాం అంటే ఏమి చూడాలి? ఇంకో కన్ను పోయేదాకా చూడాలా? మెదడులో ఒకసారి జరిగిన నష్టం మందు మార్చినంత మాత్రాన వెనక్కి రాదు. మేము మొదటి నెలలోనే రిటుక్సిమాబ్ ఎక్కించాం. ఇప్పుడు ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్నాడు, సైకిల్ తొక్కుతున్నాడు.

నాడీ_విద్యార్థి
జూన్ 4, మధ్యాహ్నం 2:10

నేను న్యూరాలజీ పీజీ చేస్తున్నాను. ఇక్కడ రాసేది వైద్య సలహాగా తీసుకోకండి. మీ డాక్టరును ఏమి అడగాలో తెలుసుకోవడానికి పనికొస్తే చాలు.

ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పడం వెనుక నిజమైన శాస్త్రీయ భేదాభిప్రాయం ఉంది. మెట్లెక్కే పద్ధతి అని ఒకటుంది: నెమ్మదైన మందుతో మొదలుపెట్టి, జబ్బు తిరగబెడితే పై మెట్టుకు వెళ్లడం. రెండోది మొదటి నుంచే గట్టి మందు ఇవ్వడం. 2020లో లాన్సెట్ న్యూరాలజీలో వచ్చిన ఒక అధ్యయనం అంతర్జాతీయ, స్వీడన్ రోగుల నమోదులను పరిశీలించింది. జబ్బు మొదలైన రెండేళ్ల లోపు గట్టి మందు అందినవారికి, నాలుగు నుంచి ఆరేళ్ల తర్వాత అందినవారికంటే వైకల్యం తక్కువగా ఉందని తేలింది. మౌలాలి నాన్నగారి ఆవేదన వెనుక ఉన్నది ఇదే. అయితే అది రికార్డులను వెనక్కి తిరిగి చూసిన అధ్యయనం, చీటీ తీసి రోగులను రెండు వర్గాలుగా విడదీసినది కాదు. అలా విడదీసి ఇదే ప్రశ్నను నేరుగా పరీక్షించడానికే ట్రీట్-ఎంఎస్, డెలివర్-ఎంఎస్ అనే పరీక్షలను చేపట్టారు.

మందుల మధ్య నేరుగా పోలిక కావాలంటే స్వీడన్‌లో జరిగిన రిఫండ్-ఎంఎస్ ఉంది, 2022లో ప్రచురితమైంది. మీకు చెప్పిన రెండు మందులనే పోల్చింది. రెండేళ్లలో జబ్బు తిరగబెట్టినవారు రిటుక్సిమాబ్ వర్గంలో 3 శాతం, డైమిథైల్ ఫ్యూమరేట్ వర్గంలో 16 శాతం.

ఈ అంకె చూసి ప్రశ్న తేలిపోయిందని అనుకోవద్దు. మాత్రలు వేసుకున్నవారిలో కూడా 84 శాతం మందికి ఆ రెండేళ్లలో తిరగబెట్టలేదు. మీరు ఆ 84లో ఉంటారా, 16లో ఉంటారా అన్నదే అసలు ప్రశ్న. దాన్ని కచ్చితంగా చెప్పే రక్తపరీక్ష లేదు. న్యూరోఫిలమెంట్ లైట్ చెయిన్ అనే పరీక్ష నరాలకు జరుగుతున్న నష్టాన్ని కొంత చూపిస్తుంది కానీ ఒక్కదాని మీదే మందు తేల్చరు. కొన్ని గుర్తులను కలిపి చూస్తాం: వెన్నుపాములో, మెదడు కాండంలో మచ్చలున్నాయా, మొదటి ఎంఆర్ఐలో మచ్చలు ఎన్ని, రెండు దాడుల మధ్య ఎడమెంత, దాడి తర్వాత పూర్తిగా కోలుకున్నారా. ఎక్కువ వయసులో మొదలైనా, మగవారికి వచ్చినా జబ్బు కొంత కటువుగా నడుస్తుంది. పొగ తాగేవారికి కూడా అంతే.

ఇంకొక్కటి తప్పక అడగండి. కంటి నరం, వెన్నుపాము రెండూ దెబ్బతిన్నాయి కాబట్టి ఆక్వాపోరిన్-4, మాగ్ యాంటీబాడీ పరీక్షలు చేశారా? ఎంఎస్‌ను పోలిన వేరే జబ్బులున్నాయి, ఈ పరీక్షలు వాటిని పట్టడానికే. వాటిలో ఎన్ఎంఓ అనే దానికి ఇంటర్ఫెరాన్, ఫింగోలిమోడ్, నటలిజుమాబ్ వంటి ఎంఎస్ మందులు మేలు చేయకపోగా కీడు చేస్తాయి. మందు ఎంచుకోవడానికి ముందు జబ్బు అదేనని గట్టిగా తేలాలి.

పాతబస్తీ_నూర్
జూన్ 4, సాయంత్రం 5:30

గీత గారూ, పిల్లల మాట ఎత్తారు కాబట్టి నేను రాస్తున్నాను. నాకు ఇద్దరు పిల్లలు, ఇద్దరూ ఎంఎస్ వచ్చిన తర్వాత పుట్టినవారే. ఈ ఒక్క వాక్యం మీరు రెండుసార్లు చదువుకోండి.

పెళ్లయిన కొత్తలో నన్ను టెరిఫ్లునోమైడ్ మీద పెట్టారు. రోజుకు ఒక్క మాత్ర, సూదులు లేవు, మన దేశంలో తయారయ్యేది కాబట్టి ధర కూడా భరించగలిగేది. పిల్లల ఆలోచన ఉందా అని అప్పుడు నన్ను ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు, అత్తగారు పక్కన కూర్చుని ఉన్నారు. ఆ మందు కడుపులోని బిడ్డకు హాని చేయగలదని, ఆపేసినా రెండేళ్ల వరకు రక్తంలో ఉండవచ్చని మందుల దుకాణంలో ఇచ్చిన కాగితం చదివాక తెలిసింది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. తర్వాత కొలెస్టిరమిన్ పొడి 11 రోజులు తాగించి మందును ఒంట్లోంచి కడిగేశారు. రక్తపరీక్ష చేసి పోయిందని నిర్ధారించుకున్నాకే ముందుకు వెళ్లాం. తర్వాత గ్లాటిరమర్‌కు మారాను. రెండు కాన్పులూ దాని మీదే గడిచాయి.

టెరిఫ్లునోమైడ్ చెడ్డ మందు అనడం లేదు. మా వదినకు 50 దాటాక అదే ఇచ్చారు, చక్కగా సరిపోయింది. నాకు ఆ వయసులో అది సరిపడని మందు, అంతే. ఆ తేడా తెలియాలంటే డాక్టరు అడగాలి, లేదా మనం నోరు తెరిచి చెప్పాలి. వీలైతే ఒకసారి ఒంటరిగా లోపలికి వెళ్లి మాట్లాడండి.

గర్భం గురించి ఒక మంచి మాట కూడా ఉంది. నాడీ విద్యార్థి గారు నాకంటే బాగా చెబుతారు.

నాడీ_విద్యార్థి
జూన్ 4, రాత్రి 8:15

నూర్ గారు అన్నది 1998లో వచ్చిన ప్రిమ్స్ అధ్యయనం గురించి అనుకుంటాను. యూరప్‌లోని 12 దేశాల్లో 254 మంది ఎంఎస్ ఉన్న గర్భిణులను గమనించారు. గర్భానికి ముందు ఏడాదికి సగటున 0.7గా ఉన్న దాడుల రేటు, గర్భంలోని చివరి మూడు నెలల్లో 0.2కు పడిపోయింది. కాన్పయిన మొదటి మూడు నెలల్లో 1.2కు ఎగసి, ఆ తర్వాత మళ్లీ మామూలు స్థాయికి వచ్చింది. కడుపుతో ఉన్న కాలం జబ్బుకు కొంత విశ్రాంతి, బాలింతగా ఉన్న మొదటి మూడు నెలలు జాగ్రత్త పడాల్సిన కాలం.

మందు ఎంపికలో దీన్ని ఇలా వాడుకుంటాం. గ్లాటిరమర్, ఇంటర్ఫెరాన్ అవసరమైతే గర్భంలో కొనసాగించవచ్చు. డైమిథైల్ ఫ్యూమరేట్ ఒంట్లోంచి త్వరగా పోతుంది కాబట్టి గర్భం రాగానే ఆపుతారు, కానీ రక్షణ కూడా దానితో పాటే పోతుంది. ఫింగోలిమోడ్‌ను రెండు నెలల ముందే ఆపాలి, అక్కడ వేరే ప్రమాదం ఉంది. క్లాడ్రిబిన్ మాత్రలు రెండేళ్లలో కొద్ది రోజులే వేసుకుంటారు కానీ ఆఖరి మాత్ర తర్వాత ఆరు నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. రిటుక్సిమాబ్, ఒక్రెలిజుమాబ్ వంటివి బి కణాలు అనే రోగనిరోధక కణాలను తుడిచిపెడతాయి. ఆ కణాలు మళ్లీ పెరగడానికి నెలలు పడుతుంది కాబట్టి మందు రక్తంలోంచి పోయాక కూడా రక్షణ కొంతకాలం ఉంటుంది. ఒక డోసు తీసుకుని, తగిన ఎడం ఇచ్చి గర్భానికి ప్రయత్నించడం అందువల్లే వీలవుతుంది. రిటుక్సిమాబ్ కాగితం మీద 12 నెలల ఎడం ఉండాలని రాసి ఉంటుంది. చాలామంది ఎంఎస్ నిపుణులు అంతకంటే తక్కువ ఎడానికే ఒప్పుకుంటారు. మీ డాక్టరు ఎన్ని నెలలు అంటారో ఇప్పుడే అడిగి రాసుకోండి.

కరీంనగర్_రైతుబిడ్డ
జూన్ 5, ఉదయం 7:20

నాడీ విద్యార్థి గారు పైన "అక్కడ వేరే ప్రమాదం ఉంది" అని రాసి వదిలేశారు. ఆ ప్రమాదం నాకు జరిగింది.

నాకు 34 ఏళ్లు. ఫింగోలిమోడ్ మొదలుపెట్టిన రోజు హైదరాబాద్‌లో ఆసుపత్రిలో ఆరు గంటలు కూర్చోబెట్టారు, గుండె వేగం పడిపోతుందేమో చూడటానికి. అంతా బాగానే ఉంది. రెండున్నరేళ్లు ఒక్క దాడి లేదు. పత్తి ధర పడిపోయిన ఏడు చేతిలో డబ్బు ఆడలేదు. ఒళ్లు బాగానే ఉంది కదా, రెండు నెలలు ఆపితే ఏమవుతుందని నాకు నేనే ఆపేశాను. మూడో నెలలో ఎడమ చేయి, ఎడమ కాలు రెండూ లేవలేదు. మందు లేని రోజుల్లో కూడా అంత దాడి ఎప్పుడూ రాలేదు. ఈ మందు హఠాత్తుగా ఆపితే జబ్బు రెట్టింపు బలంతో ఎగదన్నవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లోనే హెచ్చరించిందట. నాకు ఆ ముక్క మొదటి రోజు ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే అప్పు చేసైనా కొనేవాడిని, లేదా డాక్టరుకు ఫోను చేసి అన్నా నా పరిస్థితి ఇది అని చెప్పేవాడిని.

గీతమ్మా, మందు ఎంచుకునేటప్పుడు ఎంత బాగా పనిచేస్తుందని అందరూ అడుగుతారు. ఒక్కరోజు మందు తప్పితే ఏమవుతుంది, రెండు నెలలు తప్పితే ఏమవుతుంది అని కూడా అడగండి. నాలాంటివారికి అది మొదటి ప్రశ్న కావాలి. ఇప్పుడు నేను ఆరు నెలలకు ఒకసారి వచ్చి రిటుక్సిమాబ్ ఎక్కించుకుంటున్నాను. రాను పోను 320 కిలోమీటర్లు. అయినా ఏడాదికి రెండే ప్రయాణాలు. రోజూ మాత్ర గుర్తుపెట్టుకోవడం, నెలనెలా కొనడం కంటే నా బతుకుకు ఇదే నప్పింది.

బాచుపల్లి_ఔషధి
జూన్ 5, మధ్యాహ్నం 1:05

ఔషధ పరిశ్రమలో 20 ఏళ్లుగా పనిచేస్తున్నాను. డబ్బు మాట వచ్చింది కాబట్టి రెండు విషయాలు.

రిటుక్సిమాబ్‌కు ప్రపంచంలో మొట్టమొదటి బయోసిమిలర్ (అసలు మందును దగ్గరగా పోలిన మందు) మన హైదరాబాద్ కంపెనీదే. డాక్టర్ రెడ్డీస్ 2007లో రెడిటక్స్ పేరుతో తెచ్చింది. అమెరికాలో మైలాన్ తెచ్చిన గ్లాటిరమర్ జెనెరిక్‌కు 2017లో అనుమతి వచ్చింది, దాని వెనుక ఉన్నది కూడా మన నాట్కోయే. రిటుక్సిమాబ్ పుట్టింది లింఫోమా అనే క్యాన్సర్ కోసం. ఎంఎస్‌కు వాడటం కాగితం మీద అనుమతి లేని వాడకం. అందుకని కొందరు భయపడతారు. 2023 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎంఎస్‌కు అత్యావశ్యక ఔషధాల జాబితాలో మొదటిసారి మూడు మందులు చేర్చింది: క్లాడ్రిబిన్, గ్లాటిరమర్, రిటుక్సిమాబ్. తక్కువ ధరలో దొరికే మందు అయినంత మాత్రాన రెండో రకం మందు కాదు.

రెండోది బీమా. గీత గారూ, మీ కంపెనీ పాలసీ కాగితం తీసి చదవండి. రోజూ వేసుకునే మాత్రలకు చాలా పాలసీలు డబ్బివ్వవు, ఆసుపత్రిలో చేరితేనే ఇస్తాయి. సెలైన్‌లో ఎక్కించే మందు డే కేర్ (అదే రోజు ఇంటికి పంపే చికిత్స) కింద రావచ్చు. రిటుక్సిమాబ్ వంటి మోనోక్లోనల్ యాంటీబాడీ సూదులు బీమా నియంత్రణ సంస్థ చెప్పిన ఆధునిక చికిత్సల జాబితాలో ఉన్నాయి కానీ వాటికి కంపెనీలు విడిగా పరిమితి పెట్టుకోవచ్చు. ఉద్యోగం మారితే ఏమవుతుందో కూడా ఆలోచించండి. సొంతంగా పాలసీ కొంటే ముందే ఉన్న జబ్బుకు మూడేళ్ల వరకు ఆగాల్సి రావచ్చు.

ప్రకృతి_బాట
జూన్ 5, సాయంత్రం 4:45

ఇంత విషం ఒంట్లోకి ఎందుకు ఎక్కించుకోవడం? మా బంధువు ఒకామె గోధుమ, పాలు మానేసి, పసరు వైద్యంతో ఏడాదిలో పూర్తిగా కోలుకుంది. ఎంఆర్ఐలు కూడా మానేసింది. చెల్లెమ్మా, ఒకసారి ఆలోచించు.

తార్నాక_పెద్దక్క
జూన్ 5, సాయంత్రం 6:00

అన్నా, మీరు మంచి మనసుతోనే రాశారు. కానీ ఈ మాట విని నేను ఒక స్నేహితురాలి నడక పోగొట్టుకోవడం కళ్లారా చూశాను. ఈ జబ్బు లక్షణం దానంతట అది తగ్గడం. దాడి వస్తుంది, కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. ఆ సమయంలో ఏది తింటున్నామో అదే తగ్గించిందనిపిస్తుంది. లోపల మచ్చలు పెరుగుతున్నాయో లేదో ఎంఆర్ఐ తప్ప చెప్పేది లేదు. దాన్ని కూడా మానేస్తే ఇక తెలిసేదెలా?

మంచి తిండి తినాలి, విటమిన్ డి చూపించుకోవాలి, పొగ మానాలి. ఇవి మందుతో పాటు చేయాల్సినవి.

నిర్వాహకుడు
జూన్ 5, సాయంత్రం 6:30

మందు మానమని చెప్పే రాతలను ఈ వేదిక మీద ఉంచం. పై రాతకు జవాబు వచ్చింది కాబట్టి దీన్ని మాత్రం తీసేయడం లేదు. ఇక మీదట వద్దు.

సీతాఫల్‌మండి_మాస్టారు
జూన్ 6, ఉదయం 5:55

అందరూ గీతమ్మ గురించి మాట్లాడుతున్నారు, అది సహజం. నా సంగతి ఆమెకు పనికిరాకపోవచ్చు, ఇంకెవరికైనా పనికొస్తుంది.

నాకు 58 ఏళ్లు. లెక్కల మాస్టారుగా పదవీ విరమణకు ముందే సెలవు పెట్టాను. నాది దాడులు వచ్చి తగ్గే రకం కాదు, మొదటి నుంచీ మెల్లగా దిగజారే రకం, ప్రైమరీ ప్రోగ్రెసివ్. ఎంఎస్ ఉన్నవారిలో నూటికి పది పదిహేను మందికే ఇలా వస్తుందట. ఏడేళ్ల క్రితం ఎడమ పాదం నేలకు రాసుకోవడంతో మొదలైంది. ఇప్పుడు చేతికర్ర పట్టుకుని సందు చివరి వరకు నడుస్తాను.

ఈ రకానికి పనికొస్తుందని తేలిన మందు ఒక్రెలిజుమాబ్. 2017లో వచ్చిన ఒరటోరియో పరీక్ష కాగితాలు నేను మా అబ్బాయి చేత తెప్పించుకుని, ప్రతి పట్టికా లెక్కల మాస్టారుగా చదివాను. కనీసం 12 వారాల పాటు నిలిచిన వైకల్యం మందు తీసుకున్నవారిలో 32.9 శాతం మందికి, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 39.3 శాతం మందికి పెరిగింది. వార్తల్లో దీన్నే 24 శాతం తగ్గుదల అన్నారు. రెండూ నిజమే, కానీ రెండు అంకెలు మనసు మీద వేసే బరువు వేరు. పైగా ఆ పరీక్షలో చేరినవారు 55 ఏళ్ల లోపువారు. నా వయసు అందులో లేదు. నాకు మధుమేహం ఉంది, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఏడాదికి మూడుసార్లు వస్తోంది. రోగనిరోధక శక్తిని ఇంకా తగ్గించుకుంటే ఏమి పోగొట్టుకుంటానో, ఏమి దక్కించుకుంటానో డాక్టరు గారితో గంటసేపు మాట్లాడాను. ఆయన నాకు ఇవ్వాలనీ అనలేదు, వద్దనీ అనలేదు. మీకు ఏది పోతే భరించలేరు అని అడిగారు. చేతులు అన్నాను. నల్లబల్ల మీద రాసిన చేతులివి, ఇప్పుడు మనవరాలికి లెక్కలు రాసి చూపిస్తాను.

ఆ తర్వాత ఇద్దరం కలిసి ఆరు నెలల గడువు పెట్టుకున్నాం. ముందు మూత్రాశయం సంగతి సరిచేసుకోవడం, ఇన్ఫెక్షన్లు ఆపడం, వారానికి మూడు రోజులు ఫిజియోథెరపీ. చేతి పట్టును కొలిచి రాసుకుంటున్నాం. అది తగ్గుతున్నట్లు కనిపిస్తే మందు మొదలుపెడతాం. ఇప్పటికి నాలుగు నెలలైంది. ఇది సరైన నిర్ణయమో కాదో నాకు తెలియదు కానీ నా నిర్ణయమని మాత్రం తెలుసు.

మౌలాలి_నాన్న
జూన్ 6, ఉదయం 8:40

మాస్టారూ, మీ రాత రెండుసార్లు చదివాను. మొన్న నేను కాస్త ఆవేశంగా రాశాను. మా అబ్బాయి విషయంలో చేసింది తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు, కానీ 19 ఏళ్లవాడి లెక్క 58 ఏళ్లవారికి వేయకూడదని ఒప్పుకుంటున్నాను.

మా ఇంట్లో జరిగిన ఒకటి గీతమ్మకు చెప్పాలి. రిటుక్సిమాబ్‌కు ముందు హెపటైటిస్ బి పరీక్ష చేశారు. మామూలు పరీక్షలో ఏమీ లేదు. డాక్టరు గారు అంతటితో ఆగకుండా కోర్ యాంటీబాడీ కూడా చేయించారు. అది పాజిటివ్! ఎప్పుడో చిన్నప్పుడు వచ్చి ఎవరికీ తెలియకుండా నిద్రపోయిన వైరస్. ఆ పరీక్ష చేయకుండా ఎక్కించి ఉంటే అది నిద్రలేచి కాలేయాన్ని దెబ్బతీసేదట. ముందు వైరస్‌ను అణచే మాత్రలు మొదలుపెట్టి, తర్వాత ఎక్కించారు. ఇప్పటికీ ఆ మాత్రలు వాడుతున్నాడు. గట్టి మందు వెంటనే కావాలన్న నేనే చెబుతున్నాను, ఆ పరీక్షలు రాకుండా మాత్రం తొందరపడకండి.

నాడీ_విద్యార్థి
జూన్ 6, మధ్యాహ్నం 3:20

నాన్నగారు చెప్పినది చాలా ముఖ్యం. మన దగ్గర క్షయ కూడా చూసుకోవాలి, ఛాతీ ఎక్స్‌రే, నిద్రాణమైన క్షయకు రక్తపరీక్ష. ఆటలమ్మ వచ్చిందో లేదో, దాని యాంటీబాడీ ఉందో లేదో. ఇమ్యునోగ్లోబులిన్ స్థాయి, అంటే రక్తంలో యాంటీబాడీలు ఎంత ఉన్నాయో. నటలిజుమాబ్ అనుకుంటే జేసీ వైరస్ యాంటీబాడీ. పెద్దల్లో సగానికి పైగా అది ఉంటుంది, ఉన్నవారికి రెండేళ్లు దాటి ఆ మందు వాడితే పీఎంఎల్ అనే ప్రాణాంతకమైన మెదడు ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. ఆ మందు 2004లో వచ్చి, ఇదే కారణంగా 2005లో వెనక్కి పోయి, కట్టుదిట్టాలతో 2006లో తిరిగి వచ్చింది. జేసీ లేనివారికి అదే మందు చాలా మంచిది.

టీకాలు కూడా ముందే వేయించుకోవాలి. బి కణాలు పోయాక టీకా వేసినా ఒళ్లు సరిగా స్పందించదు. ఒక్రెలిజుమాబ్‌కు బతికున్న వైరస్ టీకాలైతే కనీసం నాలుగు వారాల ముందు, మిగతావి రెండు వారాల ముందు పూర్తి కావాలని నియమం.

మాస్టారు గారూ, మందు మొదలుపెట్టడంలో లాగే ఆపడంలో కూడా మనిషిని బట్టి లెక్క మారుతుంది. డిస్కోమ్స్ అని 2023లో వచ్చిన పరీక్షలో 55 దాటినవారిని, ఐదేళ్లుగా దాడి, మూడేళ్లుగా కొత్త మచ్చ లేనివారిని తీసుకున్నారు. మందు కొనసాగించినవారిలో 4.7 శాతం, ఆపినవారిలో 12.2 శాతం మందికి జబ్బు మళ్లీ కదిలింది, అదీ ఎక్కువగా ఎంఆర్ఐలోనే. పెద్దక్క గారి వయసుకు ఇది ఇంకొన్నేళ్లలో వచ్చే ప్రశ్న.

వేకువ_గీత
జూన్ 9, రాత్రి 8:50

అందరి రాతలూ కాగితం మీద తీసి, నాన్న, నేను కూర్చుని చదివాం. పెద్దక్క గారి మొదటి ప్రశ్నే ముడి విప్పింది.

మొదటి డాక్టరు గారు చూసింది ఫిబ్రవరిలో తీసిన మెదడు ఎంఆర్ఐ ఒక్కటే. ఏప్రిల్‌లో తిమ్మిరి వచ్చినప్పుడు తీసిన వెన్నెముక చిత్రాలు వేరే ఫైలులో ఉండిపోయాయి. నేను ఆయనకు చూపించలేదు, ఆయన అడగలేదు. రెండో ఆయన రెండూ చూశారు. మెడ దగ్గర ఒకటి, వీపు మధ్యలో ఒకటి, వెన్నుపాములో రెండు మచ్చలు. ఈ రోజు ఆ ఫైలు పట్టుకుని మళ్లీ మొదటి డాక్టరు గారి దగ్గరికి వెళ్లాం. తెర మీద చాలాసేపు చూసి, ఇది ముందే చూసి ఉంటే నేనూ ఆ మాటే చెప్పేవాడినమ్మా అన్నారు. నాకు ఎంత తేలికైందో చెప్పలేను. ఇద్దరూ ఒకే జబ్బుకు రెండు మందులు చెప్పలేదు. వారు చూసిన కాగితాలే వేరు.

ఆక్వాపోరిన్, మాగ్ రెండూ నెగెటివ్. హెపటైటిస్ బి కోర్ నెగెటివ్, క్షయ పరీక్ష నెగెటివ్. హెపటైటిస్ టీకా చిన్నప్పుడు వేయించలేదు కాబట్టి ఇప్పుడు వేస్తున్నారు. నూర్ గారు చెప్పినట్లు ఒంటరిగా లోపలికి వెళ్లి పిల్లల గురించి అడిగాను. పెళ్లయ్యాక మొదటి ఏడాది ఆగి, ఒక డోసు తర్వాత ఎన్ని నెలలకు ప్రయత్నించాలో తేదీలతో సహా రాసిచ్చారు. బీమా వాళ్లు ఒక పరిమితి వరకు ఒప్పుకున్నారు, రిటుక్సిమాబ్ అయితే ఆ పరిమితిలోనే సరిపోతుంది. ఎంచుకున్నది అదే.

పెళ్లి కుదిరిన అబ్బాయికి కూడా నిన్న అంతా చెప్పాను. ట్యాంక్‌బండ్ మీద బెంచీ మీద కూర్చుని గంటన్నర మాట్లాడాం. తను చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, ఎక్కించే రోజు నేను సెలవు పెట్టనా అని అడిగాడు. వాళ్లింట్లో ఇంకా చెప్పాలి.

ఒక చిన్న సందేహం. ఈ ఎండల్లో మెట్రో మెట్లెక్కితే కుడి కన్ను మళ్లీ మసకబారుతోంది. ఏసీలోకి వస్తే పదిహేను నిమిషాల్లో పోతోంది. ఇది కొత్త దాడా?

తార్నాక_పెద్దక్క
జూన్ 9, రాత్రి 9:30

కాదు తల్లీ. ఒళ్లు వేడెక్కితే పాత గాయం గుర్తుచేస్తుంది. ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు 1890లోనే దీన్ని రాశాడు. చల్లబడగానే పోతే భయం లేదు. జ్వరం గానీ, మూత్రంలో మంట గానీ లేకుండా కొత్త లక్షణం 24 గంటలు దాటి నిలిస్తే అప్పుడు ఫోను చెయ్యి. ఈ నెలంతా లిఫ్టు వాడు, మెడకు తడి రుమాలు చుట్టుకో. బోనాల జాతరకు వెళితే పొద్దున్నే వెళ్లు.

ఆ అబ్బాయిని తప్పక సెలవు పెట్టమను. ఎక్కించే ముందు అలర్జీ రాకుండా ఇచ్చే మందుకు నిద్ర ముంచుకొస్తుంది, బండి నడపకూడదు. మొదటిసారి మెల్లగా ఎక్కిస్తారు, పొద్దున వెళితే సాయంత్రమవుతుంది. గొంతులో దురద గానీ, ఛాతీ బిగుసుకున్నట్లు గానీ అనిపిస్తే మొహమాటపడకుండా నర్సుకు వెంటనే చెప్పు, వేగం తగ్గిస్తారు.

కరీంనగర్_రైతుబిడ్డ
జూన్ 10, ఉదయం 6:30

గీతమ్మా, ఆ గదిలో ఏసీ బాగా చలిగా ఉంటుంది. శాలువా తీసుకెళ్లండి. తినడానికి ఇంటి నుంచే ఏదైనా కట్టుకెళ్లండి, మధ్యలో లేచి వెళ్లనివ్వరు. తేదీ ఖాయమయ్యాక ఇక్కడ రాయండి. నాదీ వచ్చే నెలలోనే.

వేకువ_గీత
జూన్ 27, రాత్రి 10:05

జులై 15, ఉదయం 8 గంటలకు. ఈ రోజు రెండో టీకా వేశారు, చేయి కొంచెం నొప్పిగా ఉంది. పెళ్లి కుదిరిన అబ్బాయి వాళ్ల అమ్మగారు ఫోను చేసి, ఆ రోజు మధ్యాహ్నానికి పెరుగన్నం తాను పంపిస్తానన్నారు.